కారుకూ ఇంటికీ రేడియో సెట్టు: అమెచ్యూర్ స్టేషన్ లైసెన్సుకు దరఖాస్తు విధానం

కారులో ఒకటి, ఇంట్లో ఒకటి రేడియో స్కానర్, అంటే రకరకాల తరంగాలను వరుసగా వెతికి వినిపించే సెట్టు, పెట్టుకోవాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఏ కంపెనీ సెట్టు మంచిదని. మన దేశంలో అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ సెట్టును దగ్గర ఉంచుకోవడానికి ఏ అనుమతి కావాలి, అది ఎవరి నుంచి, ఏ విధంగా వస్తుంది అన్నదే ఆ సంగతి. లైసెన్సు చేతికి వచ్చాక సెట్టు ఎంచుకోవడం తేలికవుతుంది. సెట్టు కొన్నాక లైసెన్సు గురించి ఆలోచించేవారికి మాత్రం డబ్బు నష్టంతోపాటు చట్టపరమైన చిక్కు కూడా ఎదురయ్యే అవకాశం ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ముందుగా దరఖాస్తు గురించి, ఆ తరువాతనే పరికరాల గురించి వివరిస్తున్నాను.

1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ పరికరాన్ని లైసెన్సు లేకుండా వాడటమే కాదు, కలిగి ఉండటం కూడా నేరమే. 1980ల దాకా ఇంట్లో పాటలు, వార్తలు వినే రేడియోకు సైతం పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ప్రసారాలు వినే మామూలు రేడియోలకు ఆ బాధ్యత తొలగిపోయింది గాని, స్కానర్లకు, వాకీటాకీలకు ఆ మినహాయింపు వర్తించలేదు. రేడియో పరికరానికి అనుమతి ఉండాలన్న మూలసూత్రాన్ని 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా నిలబెట్టింది. సందేశాలను చట్టవిరుద్ధంగా చాటుగా వినేవారికి ఆ చట్టంలోని 42వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలు గాని, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతున్నది. పోలీసు, విమాన, నౌకా సంస్థల సంభాషణలు వినడం కోసం పౌరుడికి ఇచ్చే లైసెన్సు ఏదీ ఇక్కడ లేదు. ఆ ఉద్దేశంతో స్కానర్ కొనదలచినవారు ఆ ఆలోచనను ఇక్కడితో విరమించుకోవడం మంచిదని నా సలహా.

మరి రేడియో మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి దారి లేదా అంటే, చక్కటి దారి ఉంది. అదే అమెచ్యూర్ రేడియో, అంటే లాభాపేక్ష లేకుండా ఆసక్తి కొద్దీ నడిపే రేడియో, జనం వాడుకలో హ్యామ్ రేడియో. పరీక్ష రాసి కాల్ సైన్, అంటే స్టేషన్ గుర్తింపు పేరు, పొందినవారు తమకు కేటాయించిన బ్యాండ్లలో, అంటే తరంగాల శ్రేణుల్లో, వినడమే కాదు, మాట్లాడవచ్చు కూడా. స్కానర్ కొనేవారికి వినడం వరకే దక్కుతుంది గనుక, ఆ శ్రమను కాస్త పెంచి లైసెన్సు సంపాదించుకోవడమే లాభసాటి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరిధిలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం, అంటే డబ్ల్యూపీసీ, 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనల ప్రకారం ఈ లైసెన్సును జారీ చేస్తుంది.

పరీక్ష అవసరం లేని రెండు మార్గాలు

రెండు మూడు కార్లలో కలిసి యాత్రకు వెళ్లేటప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే అవసరమైతే లైసెన్సు జోలికి వెళ్లనక్కరలేదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు, 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సిటిజన్ బ్యాండులో 5 వాట్ల లోపు సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. అయితే సెట్టుకు ప్రభుత్వ ఆమోదం, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, ఉందో లేదో కొనేముందే అడిగి తెలుసుకోవాలి. ఆమోదం లేని వాకీటాకీలను ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముతున్నందుకు కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2025లో పలు ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులు ఇచ్చి, ఈ అమ్మకాలకు ప్రత్యేక మార్గదర్శకాలను కూడా ప్రకటించింది. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నది కాబట్టి చట్టబద్ధమే అయి ఉంటుందనే భావన సరికాదు.

ఎవరు అర్హులు, ఏ గ్రేడు ఎంచుకోవాలి

పన్నెండేళ్లు నిండినవారు అమెచ్యూర్ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు. చదువుకు సంబంధించిన పట్టా ఏదీ అవసరం లేదు. పరీక్షలో నెగ్గినవారికి అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ లభిస్తుంది. ఇందులో రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడులో రాత పరీక్ష ఒక్కటే ఉంటుంది. జనరల్ గ్రేడుకు రాత పరీక్షతోపాటు చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్‌ను నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో పంపడం, అందుకోవడం కూడా రావాలి. రిస్ట్రిక్టెడ్ వారి కాల్ సైన్ వీయూ3తోనూ, జనరల్ వారిది వీయూ2తోనూ మొదలవుతుంది.

కారులో, ఇంట్లో స్థానికంగా మాట్లాడుకోవడానికి కావలసిన 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు రిస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి కూడా అందుబాటులో ఉంటాయి. కాబట్టి మోర్స్ నేర్చుకోవడానికి ఏడాది ఆగి కూర్చోకుండా ముందు రిస్ట్రిక్టెడ్ రాసి, రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టి, అనుభవం గడించాక జనరల్‌కు వెళ్లడం మేలు. అయితే చెవి ఇంకా చురుకుగా ఉండే స్కూలు వయసు పిల్లలు మాత్రం మోర్స్‌ను కొద్ది నెలల్లోనే పట్టేస్తారు. వారిని నేరుగా జనరల్‌కు పంపడమే మంచిది.

సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు

టెలికమ్యూనికేషన్ల శాఖ నడిపే సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, అమెచ్యూర్ పరీక్షకు సంబంధించిన ఫారాన్ని ఎంచుకుని, వ్యక్తిగత వివరాలు, గ్రేడు, పరీక్ష కేంద్రం నింపాలి. ఫొటో, సంతకం, వయసు, చిరునామా, గుర్తింపు రుజువులను స్కాన్ చేసి జతపరచి, తెరపై చూపిన రుసుమును ఆన్‌లైన్‌లోనే చెల్లించాలి. చెల్లింపు రసీదును, దరఖాస్తు సంఖ్యను వెంటనే దాచుకోవాలి.

మన తెలుగువారికి ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు పేరు దగ్గరే వస్తుంది. పదో తరగతి మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో అది చివరికి పోతుంది, పాస్‌పోర్టులో రెండు ముక్కలవుతుంది, మరో కాగితంలో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషి పేర్లని తెలుసు గాని, ఢిల్లీలో కాగితాలు పరిశీలించే అధికారికి తెలియవలసిన అవసరం లేదు. ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా రాసిన కారణంగా నా దరఖాస్తే ఒకసారి వెనక్కి వచ్చింది. దానిని సరిదిద్దుకోవడానికి వారాలు పట్టింది. అందుచేత జతపరిచే కాగితాలన్నిటిలో పేరు, పుట్టినతేదీ, తండ్రి పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకుని, తేడా ఉంటే ఆధార్‌లో సవరణ చేయించుకున్న తరువాతనే ఫారం తెరవాలి. సర్టిఫికెట్ మీద పడిన పేరే తరువాత లైసెన్సు మీదికి కూడా వస్తుందని మరువకూడదు.

పరీక్ష

వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్లున్న నగరాల్లో ఈ పరీక్షలు జరుగుతాయి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖపట్నం ఈ పరీక్షకు కేంద్రాలు. ప్రశ్నపత్రంలో రేడియో సిద్ధాంతం, అభ్యాసం ఒక భాగం, నిబంధనలు మరొక భాగం. రిస్ట్రిక్టెడ్‌కు గంట, జనరల్‌కు రెండు గంటల సమయం ఇస్తారు. రిస్ట్రిక్టెడ్‌లో ఒక్కో భాగంలో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. జనరల్‌లో ఆ సంఖ్యలు 50, 55.

ఇంజనీరింగ్ చదివినవారు సిద్ధాంతం తమకు వచ్చునన్న ధీమాతో నిబంధనల భాగాన్ని వదిలేసి, సరిగ్గా అక్కడే తప్పుతుంటారు. ఓమ్ సూత్రం, కెపాసిటర్లు, యాంటెన్నా పొడవు, అయనోస్ఫియర్‌లో తరంగాలు వంగే తీరు చదివినంత శ్రద్ధగానే క్యూ కోడ్లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), అక్షరాలను పలికే అంతర్జాతీయ పద్ధతి, ఆపద సంకేతాలు, లాగ్ బుక్కు రాసే విధానం, ఏం మాట్లాడకూడదు అన్నవి కూడా చదవాలి. వ్యాపారం, రాజకీయం, మతప్రచారం అమెచ్యూర్ బ్యాండ్ల మీద నిషిద్ధం. ఇతరులకు ఉద్దేశించిన సందేశం అనుకోకుండా చెవిన పడినా దానిని మూడో మనిషికి చెప్పకూడదు. స్కానర్ కోసం ఆశపడి ఈ దారిలోకి వచ్చినవారు ఈ చివరి నిబంధనను మనసులో నాటుకోవాలి.

సొంతంగా చదువుకోవడం కష్టమనుకునేవారికి హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన సమయానికి భారతి ప్రసాద్ ఆ సంస్థ తరఫున అండమాన్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతున్నారు. ఫోన్లన్నీ మూగబోయిన ఆ రోజుల్లో ఆ స్టేషన్ ద్వారా ద్వీపాల సమాచారం బయటి ప్రపంచానికి అందింది. ఈ పరీక్షకు కూర్చునే పిల్లలకు ఆ సంగతి చెబితే నిబంధనలలోని ఆపద సంకేతాల అధ్యాయం వారికి పొడి పాఠంగా తోచదు.

సర్టిఫికెట్ తరువాత లైసెన్సు

సర్టిఫికెట్ రాగానే సెట్టు కొనవచ్చని చాలామంది పొరబడతారు. సర్టిఫికెట్ అన్నది ఆపరేటర్ నైపుణ్యానికి రుజువు మాత్రమే. స్టేషన్ పెట్టుకోవడానికి అదే పోర్టల్‌లో లైసెన్సు కోసం మరొక దరఖాస్తు చేయాలి. ఇందులో సర్టిఫికెట్ ప్రతి, స్టేషన్ ఉండబోయే ఇంటి చిరునామా, కోరుకునే కాల్ సైన్లు, పోర్టల్ అడిగే ఇతర పత్రాలు ఇవ్వాలి. లైసెన్సును ఇరవై ఏళ్లకు తీసుకుంటే వెయ్యి రూపాయలు, జీవితకాలానికి, అంటే ఎనభై ఏళ్ల వయసు వరకు తీసుకుంటే రెండు వేల రూపాయలు రుసుము. యువకులు రెండోదే ఎంచుకోవడం నయం, ఎందుకంటే ఇరవై ఏళ్ల తరువాత పునరుద్ధరణ తేదీని గుర్తుపెట్టుకునేవారు అరుదు.

దరఖాస్తులో ఇచ్చిన చిరునామా కేవలం ఉత్తరాల కోసం కాదు, స్టేషన్ అక్కడే ఉంటుందని అర్థం. కారులో కూడా వాడదలచినవారు లైసెన్సు షరతుల్లో వాహన వినియోగం గురించి ఏమున్నదో చదివి, దాని ప్రకారం నడుచుకోవాలి. రోడ్డు మీద తనిఖీలో యాంటెన్నా ఉన్న కారు సహజంగానే పోలీసుల కంట పడుతుంది కనుక, లైసెన్సు ప్రతిని, సెట్టు కొన్న బిల్లును బండిలో ఉంచుకోవడం మంచిది.

సెట్టు ఎంపిక

డీలర్ పొసెషన్ లైసెన్సు, అంటే వైర్‌లెస్ సెట్లు అమ్మకానికి ఉంచుకునే అనుమతి, ఉన్న దుకాణంలోనే కొనాలి. అటువంటి దుకాణదారు మీ లైసెన్సు ప్రతి అడుగుతాడు. అడగని దుకాణాన్ని అనుమానించాలి.

అమెరికాలో ఉన్న పిల్లల చేతనో, బంధువుల చేతనో సెట్టు తెప్పించుకోవాలనుకునేవారికి రెండు మాటలు. వైర్‌లెస్ పరికరాన్ని అనుమతి లేకుండా పెట్టెలో తెస్తే కస్టమ్స్ వారు ఆపవచ్చు. పైగా అక్కడి బ్యాండ్లు వేరు. 2 మీటర్ల బ్యాండు (ఇక్కడ 144 నుంచి 146) అక్కడ 148 మెగాహెర్ట్జ్ దాకా, 70 సెంటీమీటర్ల బ్యాండు (ఇక్కడ 434 నుంచి 438) అక్కడ 420 నుంచి 450 దాకా ఉంటాయి. అక్కడ చట్టబద్ధంగా నొక్కే బటన్ ఇక్కడ మన పరిధి దాటిపోవచ్చు. అక్కడ నివసించే మనవారు కూడా గమనించాలి: ఇంట్లో స్కానర్ పెట్టుకోవడానికి ఇబ్బంది లేని న్యూయార్క్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో కారులో పోలీసు తరంగాలు వినే స్కానర్ మీద ఆంక్షలున్నాయి.

మొదటి సెట్టుగా 2 మీటర్లు, 70 సెంటీమీటర్లు రెండూ పనిచేసే 5 వాట్ల చేతి సెట్టు చాలు. ఇంట్లోనూ కారులోనూ అదే వాడి, మీ ఊళ్లో ఎవరెవరు వినిపిస్తున్నారో, కొండ మీది రిపీటర్, అంటే బలహీన సంకేతాన్ని అందుకుని తిరిగి దూరానికి పంపే స్టేషన్, అందుతున్నదో లేదో కొన్నాళ్లు గమనించాలి. స్కానింగ్ సౌకర్యం ఇప్పుడు దాదాపు ప్రతి సెట్టులో ఉంటుంది. దానిని అమెచ్యూర్ బ్యాండ్ల హద్దుల్లోనే ఉండేలా అమర్చుకోవాలి. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు తెరిచి ఉన్న చౌక సెట్లలో పొరపాటున వేరే సంస్థ తరంగం మీద మాట్లాడే ప్రమాదం ఉంది. నౌకా సంభాషణల ఆపద ఛానెల్ 156.8 మెగాహెర్ట్జ్ కూడా ఆ పరిధిలోనే ఉందన్నది గుర్తుంచుకుంటే జాగ్రత్త దానంతటదే వస్తుంది.

కారు లోపల చేతి సెట్టు సరిగా పనిచేయదు, ఇనుప పైకప్పు తరంగాలను అడ్డుకుంటుంది. పైకప్పు మధ్యలో అయస్కాంతం అడుగున్న సుమారు అర మీటరు పొడవు క్వార్టర్ వేవ్ యాంటెన్నా పెడితే అదే సెట్టు మారిపోయినట్టు అనిపిస్తుంది. 25 నుంచి 50 వాట్ల మొబైల్ సెట్టు తీసుకునేవారు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కాక, బ్యాటరీ నుంచే నేరుగా, ఫ్యూజు పెట్టి తీగలు లాగించాలి. నడుపుతూ డయల్ చూడటం కంటే బండి పక్కకు ఆపడం మేలు.

ఇంట్లో డబ్బు పెట్టవలసింది సెట్టు మీద కాదు, యాంటెన్నా మీద, దానికి వెళ్లే కోయాక్సియల్ కేబుల్ మీద. మేడ మీది యాంటెన్నా నుంచి గదిలోకి 30 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ లాగితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సగానికి మించిన శక్తి దారిలోనే వేడిగా పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 వాడినా, దూరాన్ని తగ్గించినా ఆ నష్టం చాలా మేరకు తగ్గుతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారు యాంటెన్నా కట్టేముందు సంఘం అనుమతిని లిఖితపూర్వకంగా తీసుకోవాలి. తీరప్రాంతాల వారు యాంటెన్నాను నిలబెట్టే గొట్టాన్ని గట్టి తీగలతో నాలుగు వైపులా బిగించి, పిడుగుల కాలంలో కేబుల్‌ను సెట్టు నుంచి విడదీయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లే కూలిపోయాయి. అటువంటి రోజున పనికిరావాలనుకునే స్టేషన్‌కు కరెంటుతో సంబంధం లేకుండా నడిచే 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉండాలి.

ఇల్లు మారవలసి వస్తే కొత్త మేడ మీద గొట్టం నిలబెట్టకముందే పోర్టల్‌లో చిరునామా మార్పుకు దరఖాస్తు పెట్టాలి. మార్పు లైసెన్సు మీద నమోదై వచ్చేదాకా అక్కడి నుంచి ప్రసారం చేయకూడదు.