ఆప్-ఆంప్ సర్క్యూట్‌ను అర్థం చేసుకోవడం ఎలా?

ఆప్-ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయరు అనే చిప్) సర్క్యూట్ కనిపించగానే చాలామంది విద్యార్థులు గెయిన్ సూత్రం కోసం, అంటే అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కు ఎన్ని రెట్లో చెప్పే సూత్రం కోసం వెతుకుతారు. అంతకంటే ముందు చూడవలసినది, అవుట్‌పుట్ నుంచి ఇన్‌వర్టింగ్ ఇన్‌పుట్‌కు, అంటే మైనస్ గుర్తున్న పిన్నుకు, తిరిగి వచ్చే దారి ఉందా లేదా అన్నది. ఆ దారినే ఋణాత్మక ఫీడ్‌బ్యాక్ అంటారు.

ఆప్-ఆంప్ తనంతట తాను చేసే పని ఒక్కటే: ప్లస్, మైనస్ ఇన్‌పుట్‌ల మధ్య ఉన్న వోల్టేజి తేడాను ఎన్నో రెట్లు పెంచడం. ఫెయిర్‌చైల్డ్ సంస్థలో డేవ్ ఫుల్లాగర్ రూపొందించగా 1968లో వచ్చిన 741 చిప్‌లో ఈ గెయిన్ సాధారణంగా 2 లక్షలు ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ లేకపోతే మిల్లీవోల్టు తేడాకే అవుట్‌పుట్ సరఫరా వోల్టేజి దరిదాపులకు వెళ్లి ఆగిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు మాత్రం, తేడా దాదాపు సున్నా అయ్యేవరకు అవుట్‌పుట్ తనను తాను సర్దుకుంటుంది. 5 వోల్టుల అవుట్‌పుట్‌కు కావలసిన తేడా 25 మైక్రోవోల్టులే. 'రెండు ఇన్‌పుట్‌ల వోల్టేజి సమానం' అనే నియమం ఇలా పుట్టిందే తప్ప అది చిప్ స్వభావం కాదు. 'ఇన్‌పుట్‌లలోకి కరెంటు పోదు' అనే రెండో నియమం మాత్రం చిప్ నిర్మాణం వల్ల, ఉజ్జాయింపుగా, ఎప్పుడూ వర్తిస్తుంది.

దీన్ని బ్రెడ్‌బోర్డు (టంకం వేయకుండా భాగాలను గుచ్చి కలిపే పలక) మీద చేసి చూడటం మంచిది. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, మధ్య బిందువును గ్రౌండుగా తీసుకోండి. 741లో 7వ పిన్నుకు ప్లస్ 9, 4వ పిన్నుకు మైనస్ 9 వోల్టులు ఇచ్చి, 3వ పిన్నును గ్రౌండుకు కలపండి. ఇన్‌పుట్ నుంచి 2వ పిన్నుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 6వ పిన్ను నుంచి 2వ పిన్నుకు 100 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటరుతో ఇన్‌పుట్‌కు 0.5 వోల్టు ఇవ్వండి. సర్క్యూట్ కొంత కరెంటు తీసుకుంటుంది కాబట్టి, పొటెన్షియోమీటరును సర్క్యూట్‌కు కలిపిన తర్వాతే ఆ 0.5 వోల్టును సరిచూసుకోవాలి.

ఇప్పుడు 3వ పిన్ను సున్నా వద్ద ఉంది కనుక 2వ పిన్ను కూడా సున్నా వద్దే ఉంటుంది. 10 కిలో ఓమ్‌ల గుండా 0.05 మిల్లీఆంపియర్ల కరెంటు వస్తుంది. అది చిప్‌లోకి పోలేదు కాబట్టి మొత్తం 100 కిలో ఓమ్‌ల గుండానే పోవాలి, అక్కడ 5 వోల్టులు తగ్గాలి. అందువల్ల అవుట్‌పుట్ మైనస్ 5 వోల్టులు. గెయిన్ మైనస్ 10 అని బట్టీ పట్టకుండానే తేలింది. సిగ్నల్‌ను 3వ పిన్నుకు ఇచ్చి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు కొసను గ్రౌండుకు కలిపితే, ఇదే తర్కంతో గెయిన్ 11 వస్తుంది.

ఇక అసలు పరీక్ష. మొదటి సర్క్యూట్‌లోనే ఇన్‌పుట్‌ను 1 వోల్టుకు పెంచండి. సూత్రం మైనస్ 10 వోల్టులు అంటుంది, కానీ బ్యాటరీ ఇవ్వగలిగింది 9 మాత్రమే, చిప్ అంతవరకు కూడా వెళ్లలేదు. అవుట్‌పుట్ మైనస్ 7.5 వద్ద ఆగిందనుకుంటే, 2వ పిన్ను సున్నా వద్ద ఉండక సుమారు 0.23 వోల్టుకు లేస్తుంది. అంటే ఫీడ్‌బ్యాక్ పట్టు తప్పింది, మొదటి నియమం చెల్లదు. పని చేయని యాంప్లిఫయరు చేతికి వచ్చినప్పుడు నేను సూచించే మొదటి కొలత ఇదే: మల్టీమీటరుతో 2, 3 పిన్నుల వోల్టేజిలను విడివిడిగా గ్రౌండుతో పోల్చి చూడండి. అవి మిల్లీవోల్టుల్లో కలిస్తే లూపు బాగానే ఉంది. స్పష్టంగా వేరుగా ఉంటే అవుట్‌పుట్ హద్దును తాకిందో, ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు ఊడిందో, సరఫరా అందడం లేదో వెతకాలి.

వేగానికీ హద్దు ఉంది. 741 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు సుమారు 0.5 వోల్టు కంటే వేగంగా మారలేదు కాబట్టి, 5 వోల్టుల శిఖరం ఉన్న సైన్ తరంగం దాదాపు 16 కిలోహెర్ట్జ్ దాటితే త్రిభుజాకారంలోకి వంగిపోతుంది. 5 వోల్టుల ఒంటి సరఫరాతో సెన్సరు సర్క్యూట్ కట్టేవారు 741ను ఎంచుకోకూడదు. గ్రౌండు వరకు ఉన్న ఇన్‌పుట్‌లను స్వీకరించే ఎల్‌ఎం358 అనే మరో ఆప్-ఆంప్ అక్కడ సరిపోతుంది, అయితే దాని అవుట్‌పుట్ పైవైపు సరఫరాకు సుమారు 1.5 వోల్టుల కిందే ఆగుతుందని గెయిన్ లెక్క వేసేటప్పుడే గుర్తుంచుకోవాలి.