బుల్లి పెట్టెలో వాటర్ కూల్డ్ గేమింగ్ పీసీ: ముందు అట్టముక్కలతో కట్టి చూడండి

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న ఆయిలింజన్లు, బోరు మోటార్లు బాగుచేస్తాడు. నేను మల్కాజిగిరిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటూ ఆఫీసు పనీ ఆటలూ ఒకే టేబుల్ మీద కానిస్తుంటాను. మానిటరు పక్కన మిగిలింది జానెడు చోటు. చిన్న పీసీ మీద మోజు అలా మొదలైంది.

మొదలుపెట్టే ముందు ఒకటి ఒప్పుకోవాలి. నీళ్ళు వేడిని మాయం చేయవు, మోసుకెళ్ళి రేడియేటర్ (సన్న గొట్టాలు, పల్చటి రెక్కలున్న చట్రం) దగ్గర దించుతాయంతే. అక్కణ్ణుంచి గాలే తీసుకుపోవాలి. గది 38 డిగ్రీలుంటే లోపలి నీళ్ళు అంతకంటే దిగవు గాక దిగవు. ఆట నడుస్తుంటే ఇంకో పది డిగ్రీలు పైనే ఉంటాయి. ఈ నీళ్ళను తిప్పే పంపుల వివరాల్లో సాధారణంగా నీటి వేడి 60 దాటకూడదని రాసి ఉంటుంది. కాబట్టి చలిదేశాల్లో 22 డిగ్రీల గదిలో తీసిన టెస్టు అంకెలు కనిపిస్తే, మే నెల సికింద్రాబాదుకు ఓ పదిహేను కలుపుకుని చదవండి.

నేను ఎంచుకున్నది కూలర్ మాస్టర్ ఎన్ఆర్200పి అనే పెట్టె, 18 లీటర్ల పైచిలుకు. అందులోకి 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 240 సైజు సీల్డు వాటర్ కూలర్ (ఫ్యాక్టరీలోనే నీళ్ళు నింపి మూసేసింది). ప్రాసెసర్ వివరాల్లో 120 వాట్లని రాసి ఉన్నా ఆటల్లో 80 దాటడం అరుదు. కార్డు మాత్రం 220 వాట్లు లాగుతుంది. నిజం చెప్పాలంటే ఈ ప్రాసెసర్‌కి మంచి ఎయిర్ కూలరైనా (నీళ్ళు లేకుండా రెక్కలు, ఫ్యానుతో చల్లబరిచేది) చాలు. మరి నీళ్ళెందుకంటే, ఆ పెట్టెలో కార్డు వదిలే వేడిగాలినే ఎయిర్ కూలర్ మళ్ళీ పీల్చుకుంటుంది. రేడియేటర్‌ని పక్క జాలీకి ఆనించి బిగిస్తే బయటి గాలి నేరుగా తగులుతుంది. కొంచెం సరదా కూడా ఉందనుకోండి, కాదనను.

ముందు పెట్టె ఒక్కటే కొనండి. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగితే ఐటీఎక్స్ బోర్డులు రెండో మూడో కనిపిస్తాయి. "మైక్రో ఏటీఎక్స్ తీస్కోండి సార్, అదే రేటు" అంటారు, అది ఇంకాస్త పెద్ద బోర్డు. రేటు మాటెలా ఉన్నా పెట్టెలో పట్టదు.

ఇంటికి తెచ్చాక అట్టపెట్టె కోసి మిగతా సామానంతా కొలతల ప్రకారం చేసుకోండి. 240 రేడియేటర్ అంటే పొడవు 240 మిల్లీమీటర్లు అనుకునేరు, అది రెండు ఫ్యాన్ల లెక్క. చివరల ట్యాంకులతో కలిపి నాది 277. మందం 27, దానిమీద ఫ్యాన్ 25, మొత్తం 52. జాలీకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్నది 155. అందులో 52 పోతే 103. ప్రాసెసర్ మీద కూర్చునే పంపు దిమ్మ ఇంకో 55 తింటుంది. మిగిలిన 48 మిల్లీమీటర్ల సందులో పైపులు వంగాలి. పైపుకు బదులు పాత గ్యాస్ పొయ్యి గొట్టం ముక్క పెట్టి వంచి చూశాను, దాదాపు అంతే మందం, అంతే బిరుసు. అప్పుడు బయటపడింది: రేడియేటర్‌లో పైపులొచ్చే చివర, పవర్ సప్లై వైర్ల గుత్తి రెండూ ఒకే మూలకు వచ్చి కొట్టుకుంటున్నాయి. రేడియేటర్‌ని తిప్పి పెడితే సరిపోయింది. ర్యామ్ కూడా ఎత్తు రెక్కలది వద్దనుకుని పొట్టిది తీసుకున్నాను. ఆరు రూపాయల అట్ట, రెండు గంటల పని.

పవర్ సప్లై ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు, 750 వాట్లు. అంత అక్కర్లేదనిపిస్తుంది కానీ సగం బరువు మీద నడిస్తే దాని ఫ్యాను చప్పుడు చేయదు.

ఇంత ప్లాను వేసి కూడా ఒకచోట దెబ్బతిన్నాను. కార్డు రావడం మూడు వారాలు ఆలస్యమైంది. ఈ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కదా, ఈలోగా నడిపిద్దామని, అడుగున చోటు ఖాళీగా ఉందని రేడియేటర్‌ని అక్కడ పడుకోబెట్టి బిగించాను. కింది చల్లగాలి పీల్చుకుంటుందని నా తెలివి. రెండో రోజు నుంచి గడగడమని చప్పుడు, ఎవరో గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు. కంటి పరీక్షకని వచ్చిన నాన్న హాల్లో పేపరు చదువుతూ తలెత్తకుండానే అన్నాడు:

"ఒరేయ్, నీ పెట్టెలో మోటారుకు గాలి పట్టింది."

"అది సీలు చేసి వస్తుంది నాన్నా, గాలెక్కణ్ణుంచొస్తుంది?"

"నీళ్ళున్న చోటల్లా గాలుంటుంది. తొట్టి కింద పెట్టి మోటారు మీద పెట్టావు. గాలి పైకి పోక కిందికి పోద్దా?"

అక్షరాలా నిజం. ఫ్యాక్టరీలో ఎంత నింపినా కాస్త గాలి మిగులుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ పైపుల గోడల్లోంచి నీరు ఆవిరై అది పెరుగుతుంది. ఆ గాలి అన్నిటికంటే ఎత్తయిన చోటు చేరుతుంది. అక్కడ పంపు ఉండకూడదు, రేడియేటర్ పై అంచు ఉండాలి. పక్క బ్రాకెట్ మీదికి మార్చి, పెట్టెని అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే పది నిమిషాల్లో చప్పుడు పోయింది. ఎలాగూ కార్డు వచ్చాక మార్చాల్సిందే. లేని సామానుకు కూడా చోటు వదిలి ప్లాను వేయాలని అప్పుడు తెలిసొచ్చింది.

బిగించేటప్పుడు వరస ముఖ్యం. బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. తర్వాత లోపల దించండి. బోర్డు మూలన ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ కరెంటు వైరు రేడియేటర్ కంటే ముందే గుచ్చాలి. ఆ తర్వాత అక్కడికి వేలు దూరదు, నేను పట్టకారుతో అరగంట పాట్లు పడ్డాను. ఏఎం5 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుకి వెనక ఉండే ఇనప ప్లేటు సాకెట్‌తో కలిసే ఉంటుంది, దాన్ని విప్పకండి. పైన ఉన్న ప్లాస్టిక్ బ్రాకెట్లు తీస్తే చాలు. పంపు దిమ్మ కింద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం పీకారో లేదో రెండుసార్లు చూసుకోండి.

గాలి దారి నాది ఇలా ఉంది: పక్క రేడియేటర్ లోపలికి, అడుగు రెండు ఫ్యాన్లు లోపలికి కార్డు వైపు, పైనున్న రెండూ బయటికి. పెట్టెతో గాజు తలుపు కూడా ఇస్తారు. రేడియేటర్ అటే ఉంటే అది పెట్టడమంటే ముక్కు మూయడమే. నాది అటక మీదుంది.

కార్డుకి కూడా నీళ్ళు పెట్టి సొంతంగా పైపులు వేద్దామనుకునేవాళ్ళకు: ఈ సైజు పెట్టెలో, మన ఎండల్లో నేనైతే వద్దంటాను. 300 వాట్లను ఒక్క 240 రేడియేటర్ మీద వేస్తే ఫ్యాన్లు మిక్సీలా అరుస్తాయి. అయినా చేస్తామంటే, రాగి రేడియేటర్‌తో అల్యూమినియం సామాను కలపకండి, రెండూ ఒకే నీళ్ళలో ఉంటే అల్యూమినియానికి తుప్పు పట్టి తినేస్తుంది. పంపు కంటే ట్యాంకు ఎత్తులో ఉండాలి, పొడిగా ఒక నిమిషం కూడా తిప్పకూడదు. మంజీరా నీళ్ళు, ఆర్వో నీళ్ళు పనికిరావు. ఇన్వర్టర్ షాపులో దొరికే బ్యాటరీ వాటర్‌తో మొదటిసారి కడగడానికి ఫర్వాలేదు, నడపడానికి మాత్రం కూలెంటే కొనండి. నింపాక బోర్డుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి, ప్రతి బిగింపు కింద టిష్యూ కాగితం పెట్టి, ఒక రోజంతా చూడండి. ముందు ప్రాసెసర్‌కా కార్డుకా అని వరస గురించి తలలు బద్దలుకొట్టుకోవద్దు, నీళ్ళు వేగంగా తిరుగుతుంటాయి కాబట్టి తేడా ఒకటి రెండు డిగ్రీలే.

నడిచాక బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) మూడు పనులు. పంపు పూర్తి వేగం. ర్యామ్‌కి ఎక్స్‌పో, అంటే దాని మీద రాసిన వేగానికి నడిపే సెట్టింగు. ప్రాసెసర్‌కి వెళ్ళే వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 20, కుదరకపోతే మైనస్ 15. ఫ్యాన్లు వేడి మారిన ప్రతిసారీ ఎగిరిపడకుండా కొన్ని సెకన్ల ఆలస్యం కూడా పెట్టండి. కార్డు పవర్‌ని పది శాతం తగ్గించి చూస్తే ఆటలో నాకు తేడా తెలియలేదు, గది మాత్రం తేలికపడింది.

కరెంటు పోతే ఆట మధ్యలో ఆరిపోకూడదని పాత 600 వీఏ యూపీఎస్‌కి తగిలించాను. అది మోసేది 360 వాట్లే, మానిటరుతో కలిపి మొదటి కోతకే కీచుమని పడిపోయింది. ఇప్పుడు 1500 వీఏది వాడుతున్నాను.

ఏటా మార్చిలో, ఎండలు ముదరకముందు, జాలీలు తీసి కుళాయి కింద కడిగి ఆరబెడతాను. రేడియేటర్‌కి బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది.