ర్యామ్ మళ్లీ బిగించాక బీప్‌లు ఆగాయి

డెస్క్‌టాప్ ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది, లోపల బీప్‌ల మీద బీప్‌లు. ర్యామ్ (కంప్యూటర్ మెమరీ పలక) తన స్లాటులో కదిలిందని అనుమానం వచ్చింది. అసలే డిసెంబరు, గాలి పొడిగా ఉంది; స్వెటర్ విప్పుతుంటేనే స్టాటిక్ కరెంటు (ఒంటి మీద పోగయ్యే విద్యుత్తు) చిటపటలు. చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. కొన్ని చిప్‌లకు 100 చాలు, అంటే మనకు తెలియకుండానే పాడైపోతాయి.

ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాను. మణికట్టుకు యాంటీస్టాటిక్ పట్టీ (ఒంటి మీది స్టాటిక్‌ను క్యాబినెట్‌లోకి దించేది) కట్టుకుని, దాని క్లిప్పును క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుము మీద తగిలించాను. ఈ పట్టీలో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది; పొరపాటున కరెంటు తీగ తగిలినా ఒంట్లోంచి పారే కరెంటును అది బాగా తగ్గిస్తుంది. దాని బదులు ఉత్త వైరు చుట్టుకోవడం మాత్రం వద్దు. పట్టీ లేనివాళ్లు మాటిమాటికీ ఆ ఇనుమును ముట్టుకున్నా చాలావరకు నయమే.

బంగారు రంగు కాంటాక్టులు తగలకుండా ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీశాను. రెండు వైపులా క్లిక్ అనేదాకా మళ్లీ నొక్కాను. ఈసారి ఒకటే బీప్, వెంటనే స్క్రీన్ వెలిగింది.