డాబా మీది వాన మా బావిలోకి ఎలా చేరుతుందంటే

చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. బంగాళాఖాతం మీద ఆవిరైన నీటిని ఈశాన్య గాలులు మోసుకొచ్చి మన డాబాల మీద పోస్తాయి. మా పెరంబూరులో దాన్ని వీధి కాలువకి వదిలేస్తే ఓటేరి కాలువ, బకింగ్‌హాం కాలువ దాటి మళ్ళీ సముద్రంలోకే పోతుంది. బావిలోకి పంపితే వేసవి దాకా మన నేలలోనే ఉంటుంది. అందుకే దసరా సెలవుల్లోనే మా ఇంట్లో ఈ పని మొదలవుతుంది.

ముందు లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. ఒక మోస్తరు జల్లుకి, అంటే 10 మిల్లీమీటర్లకి, తొమ్మిది వందల లీటర్ల పైమాటే.

డాబా శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు దిగే కన్నానికి జాలీ బిగించండి. మా ఇంటి పక్క వేపచెట్టు ఆకులన్నీ అక్కడే పేరుకుంటాయి, వాన ఆగగానే చేత్తో తీసేస్తాను. కిందికి దిగే పైపుకి ఒక టీ (T ఆకారపు పైపు ముక్క) పెట్టించి, దాని ఒక కొసకి మూత వేయించండి, ఇంకో కొసని వడపోత తొట్టికి కలపండి. తొలి వానకి దుమ్ము, పావురాల రెట్ట కొట్టుకొస్తాయి కాబట్టి ఆ మూత తీసి, తేటబడేదాకా బయటికి వదిలేయాలి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది వడపోత తొట్టి మీద. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, మధ్యలో నైలాన్ వల, పైన ముతక ఇసుక. సన్న ఇసుక వేయొద్దు, జోరువానకి నీళ్ళు దిగక తొట్టి పొర్లిపోతుంది. ఏటా వానలకి ముందు పై ఇసుక తీసి కడగాలి. చేత్తో పిసికితే నల్లటి మడ్డి ఎంత వస్తుందో చూడండి, లేకపోతే అదంతా బావిలోకి దిగేది. తొట్టి అడుగు నుంచి పైపుని బావి గోడ వెంబడి నీటిమట్టం దాకా దింపండి. పైనుంచి ధబాలున పడితే అడుగు బురద లేస్తుంది. స్నానాల గది నీళ్ళు మాత్రం ఈ పైపులో కలవనివ్వకండి. బావి మీద సన్నటి దోమల వల తప్పనిసరి, ఈ ఊళ్ళో మలేరియా దోమలు బావుల్లో కూడా గుడ్లు పెడతాయి.

తమిళనాడులో 2003లోనే ప్రతి ఇంటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. చాలా ఇళ్ళలో పైపు ఉంటుంది గానీ తొట్టి పూడిపోయి ఉంటుంది. 2019 వేసవిలో ఊరికి నీళ్ళిచ్చే పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయాయి. ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ నీళ్ళు శ్రీశైలం, కండలేరు మీదుగా మన పూండి జలాశయానికి వస్తున్నా, అక్కడ వానలు లేకపోతే ఇక్కడికీ రావు. మన డాబా నీళ్ళని ముందు దించుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

బావిలోకి అడుగుకో ముడి వేసిన తాడు దింపి, వానలకి ముందూ వెనకా మట్టం రాసి పెట్టుకోండి. మట్టం పెరగకపోతే ముందు తొట్టిలో ఇసుక చూడండి, తర్వాత డాబా మీది జాలీ.