ఆటల సీజన్‌కు ముందు: పిల్లల మోకాలి గాయాలపై జాగ్రత్తలు

ఎదుగుతున్న పిల్లల మోకాలికి దెబ్బ తగిలితే దానిని పెద్దవారి బెణుకుతో సమానంగా చూడకూడదు. మోకాలి దగ్గర తొడ ఎముకకూ కాలి ఎముకకూ ఉండే ఎదుగుదల ఫలకాలు (ఎముక పొడవు పెరిగే చోట్లు) మెత్తని మృదులాస్థితో ఏర్పడినవి కనుక, పెద్దవారిలో లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగేంత తాకిడికి పిల్లల్లో ఆ ఫలకమే విరగవచ్చు, లేదా లిగమెంటు తాను అతుక్కున్న ఎముక ముక్కతో సహా ఊడిరావచ్చు. ఫలకం గాయాన్ని గుర్తించడంలో ఆలస్యమైతే కాలు వంకరగానో, పొట్టిగానో ఎదిగే ప్రమాదం ఉంది.

మోకాలి లోపల ఉండే ముందరి లిగమెంటు (ఏసీఎల్) గాయాల్లో అధిక భాగం ఎవరూ ఢీకొట్టకుండానే, ఎగిరి దిగేటప్పుడో, హఠాత్తుగా మలుపు తిరిగేటప్పుడో జరుగుతాయి. యుక్తవయసు బాలికల్లో ఈ ముప్పు మరింత ఎక్కువ. అందువల్ల సీజన్‌కు కొన్ని వారాల ముందునుంచే, మోకాళ్లు లోపలికి వాలకుండా మెత్తగా దిగడం, ఒంటికాలిపై నిలకడ, తొడ వెనుక కండరాల బలం నేర్పే వ్యాయామాలను సాధనలో చేర్చాలి. ఫుట్‌బాల్ కోసం రూపొందిన ‘ఫిఫా 11+’ వార్మప్‌కు సుమారు 20 నిమిషాలు చాలు. దీనిని సమయం వృథాగా భావించే శిక్షకులు తమ అభిప్రాయం మార్చుకోవాలని నా విన్నపం.

దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపించాలి. నొప్పి తగ్గిందో లేదో చూడడానికి పరుగెత్తించకూడదు. కాలు లాగడం, మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసును 15–20 నిమిషాలు ఉంచి, కాలిని ఎత్తుగా పెట్టాలి. కొన్ని గంటల్లోనే మోకాలు వాచిందంటే కీలులో రక్తం చేరిందని అనుమానించాలి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన లిగమెంటు క్షేమంగా ఉన్నట్టు కాదు. వాపు తగ్గాక వైద్యుడు మళ్లీ పరీక్షించాలి, అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలి. మోకాలు ఆకారం మారినా, పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు కనుక క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత కనీసం 9 నెలలు, ఇంకా ఎదుగుతున్న పిల్లలైతే దాదాపు ఏడాది, మలుపులు తిరిగే ఆటలకు దూరంగా ఉంచాలి. ఎంత ముఖ్యమైన పోటీ ముందున్నా ఈ గడువును కుదించకండి. గడువు ముగిసినా కండరాల బలం రెండో కాలితో దాదాపు సమానమైందని పరీక్షలో తేలిన తరువాతే మైదానంలోకి పంపాలి.