విశాఖలో మిద్దె తోటకి ఊక చవగ్గా తెచ్చుకోవడం ఎలా?

కుండీలో మట్టి గట్టిపడకుండా, నీళ్లు నిలవకుండా, వేళ్లకి గాలి ఆడేలా చేయడానికి వరి ఊక చక్కగా పనికొస్తుంది. మర పట్టిన ధాన్యం బరువులో ఇంచుమించు అయిదో వంతు ఊకే కాబట్టి, విశాఖ చుట్టుపక్కల మిల్లుల దగ్గర దీనికి కరువు లేదు. అయినా ఊళ్లో చాలామంది ఆన్‌లైన్‌లో కిలోల లెక్కన ప్యాకెట్లు తెప్పించుకుంటున్నారు. మిల్లు దగ్గర ఊక ఖరీదు తక్కువే, దాన్ని ఇంటికి చేర్చే బండి కిరాయే ఎక్కువ. బేరం ఆడాల్సిందీ, తెలివి చూపించాల్సిందీ ఆ కిరాయి దగ్గరే.

ముందు లెక్క

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో సుమారు 22 లీటర్ల మట్టి పడుతుంది. అందులో నాలుగో వంతు ఊక వేస్తే అయిదున్నర లీటర్లు. అలాంటి బ్యాగులు 20 ఉంటే 110 లీటర్లు. 50 కిలోల బియ్యం పట్టే బస్తాలో ఊక 65 లీటర్ల దాకా పడుతుంది, తూస్తే మాత్రం ఏడెనిమిది కిలోలకి మించదు. అంటే 20 బ్యాగుల తోటకి రెండు బస్తాలు చాలు! 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న మడి కట్టినా మూడున్నర బస్తాలే. దీనికోసం టాటా ఏస్ మాట్లాడుకోవడం దండగ. అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు కలిస్తే అప్పుడు లోడు గురించి ఆలోచించవచ్చు.

ఏ ఊక అడగాలి?

పల్లెల్లో ఉండే చిన్న హల్లర్ మిల్లుల్లో ఊక, తవుడు కలిసిపోయి పొడిగా వస్తుంది. అది పశువుల దాణాకి పనికొస్తుంది గానీ మన కుండీలకి వద్దు. అందులోని తవుడు తడి తగలగానే పులుస్తుంది, బూజు పడుతుంది, పురుగుని పిలుస్తుంది. మనకి కావాల్సింది రబ్బరు రోలర్లున్న పెద్ద మిల్లు ఊక. అక్కడ గింజ పై పొట్టు రెండు చిప్పలుగా విడిపోతుంది. గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూడండి. గరగరలాడాలి, చిన్న చిన్న దోనెల్లాంటి చిప్పలు విడివిడిగా రాలాలి. అరచేతికి మెత్తటి పొడి జిడ్డుగా అంటుకుంటే తవుడు ఉన్నట్టే, వదిలేయండి.

ఇంకో మెలిక ఉంది. ఉప్పుడు బియ్యం మిల్లు ఊకలో గింజలు మిగిలినా అవి ఉడికినవి కాబట్టి మొలకెత్తవు. కుండీకి అదే మేలు. కానీ ఆ మిల్లులు ధాన్యం ఉడకబెట్టే బాయిలర్‌కి తమ ఊకనే వాడుకుంటాయి. అమ్మకానికి ఎక్కువగా దొరికేది పచ్చి బియ్యం మిల్లులో, అక్కడ గింజల బెడద తప్పదు. దానికి మందు కింద చెప్తాను.

ఎప్పుడు, ఎక్కడ?

డిసెంబరు, జనవరి నెలలు మంచివి. ఖరీఫ్ ధాన్యం మిల్లులకి చేరి మర జోరుగా ఆడే కాలం అది. సంక్రాంతి దాటాక ఇటుక బట్టీలు ఊపందుకుంటాయి, ఊకంతా అటు పోతుంది. కోళ్ల ఫారాలు ఎలాగూ ఏడాది పొడవునా కొంటూనే ఉంటాయి. వానాకాలంలో ఆరుబయట గుట్ట తడిసి ఉంటుంది కాబట్టి అప్పుడు తూకానికి కొనకండి, నీళ్లకి డబ్బులిచ్చినట్టు అవుతుంది. బస్తా లెక్కన మాట్లాడుకోండి.

మిల్లుల కోసం అనకాపల్లి, చోడవరం, కొత్తవలస, పద్మనాభం, విజయనగరం వైపు చూడాలి. అయితే నా సలహా, ముందు మీరు నెలనెలా బియ్యం కొనే కొట్టుకే వెళ్లండి. ఆయనకి మిల్లు నుంచి బియ్యం లోడు ఎలాగూ వస్తుంది. "ఈసారి లోడు మీద రెండు ఖాళీ బస్తాల్లో ఊక వేయించండి, ఎంతవుతుందో చెప్పండి, ఇచ్చేస్తాను" అంటే చాలామంది కాదనరు. రెండు బస్తాలకి ఇంతకంటే చవకైన దారి నాకు కనిపించలేదు. ఆయన కుదరదంటే, ఆ వైపుల నుంచి రైతుబజారుకి కూరగాయలు తెచ్చే ట్రాలీ ఆటో వాళ్లని అడగండి. బస్తాలు మీరే ఇవ్వాలి, మూతి గట్టిగా కుట్టించమని చెప్పాలి.

మిల్లు దగ్గర నల్లటి ఊక బూడిద ఊరికే ఇస్తామంటారు. క్షార గుణం ఉన్న సరుకు అది, ఊకకి బదులు వాడేది కాదు. కోళ్ల ఫారంలో పరిచి తీసిన ఊక కూడా చవకే, కానీ రెట్ట వేడికి లేత మొక్క మాడిపోతుంది. బాగా మాగాక ఎరువుగా వేసుకోండి.

ఇంటికి తెచ్చాక

ముక్కుకి మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గాలి లేని వేళ బస్తా విప్పండి. దుమ్ము గొంతులోకి పోతుంది, ఒళ్లంతా దురద. పైగా సముద్రపు గాలికి మేడ మీది పొడి ఊక పక్కింటి వాళ్లు ఆరేసిన బట్టల మీద వాలితే ఆ గొడవ వేరు.

డ్రమ్ములో సగం నీళ్లు పోసి ఊక వేసి కర్రతో బాగా కలపండి. ఊక తేలుతుంది, గట్టి గింజలు అడుక్కి దిగుతాయి. పైదంతా బుట్టతో తోడేసుకుంటే మొలకల బెడద చాలావరకు పోతుంది. పొడి ఊక నీటిని ఓ పట్టాన పీల్చదు, అందుకని రాత్రంతా నాననివ్వండి.

తర్వాత రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, ఒక పాలు ఊక. బ్యాగుకి గుప్పెడు వేపపిండి. ఎర్రమట్టి కొనేటప్పుడు ఎక్కడిదో అడగండి, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి తవ్వి తెచ్చినదైతే వద్దనేయండి, అవి కాపాడుకోవాల్సిన భూవారసత్వ సంపద. ఊకలో పోషకాలు అంతంతమాత్రం కాబట్టి ఎరువు పాలు తగ్గించకూడదు. కోకోపీట్‌కి (కొబ్బరి పీచు పొట్టుకి) కూడా ఇది బదులు కాదు. కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది, ఊక వదిలేస్తుంది. మే నెల ఎండల్లో ఈ మిశ్రమానికి రెండు పూటలా నీళ్లు పోయాల్సి రావచ్చు. ఆ ఓపిక లేకపోతే ఊకలో సగం తగ్గించి ఆ మేరకు కోకోపీట్ కలపండి.

కొన్ని నెలలకి కుండీలో మట్టి కిందికి దిగుతుంది. అది ఎక్కువగా ఎరువు కుళ్లడం వల్ల. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి అది అంత తొందరగా కుళ్లదు. దిగిన మేరకు ఎరువే నింపండి, ఆ ఏడాదికి మళ్లీ ఊక కొనక్కర్లేదు.