క్యూటీ డిజైనర్ ఫామ్‌ని కోడ్‌లోకి లోడ్ చేయడం

క్యూటీ అనేది విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ; వాటిని మౌస్‌తో గీసే టూల్ డిజైనర్. అందులో సేవ్ చేసిన డాట్ యూఐ ఫైలు నిజానికి ఎక్స్‌ఎమ్‌ఎల్. పైక్యూటీలో (క్యూటీని పైథాన్ నుంచి వాడే లైబ్రరీ) దాన్ని లోడ్ చేయడానికి ఒక్క లైను చాలు: మీ విండో క్లాసు ఇనిట్‌లో సూపర్‌ని పిలిచాక, యూఐసీ మాడ్యూల్‌లోని లోడ్‌యూఐకి ఫైలు పాత్, సెల్ఫ్ ఇవ్వండి. బటన్‌కి డిజైనర్‌లో పెట్టిన ఆబ్జెక్ట్ నేమ్‌తోనే అది సెల్ఫ్ మీద దొరుకుతుంది. పుష్‌బటన్_3 అని వదిలేశారో, తర్వాత తలనొప్పి మీకే.

అసలు చిక్కు బేస్ క్లాసుతో. ఫామ్‌ని మెయిన్ విండోగా గీసి, కోడ్‌లో క్యూవిడ్జెట్‌ని ఇన్హెరిట్ చేస్తే, టాప్‌లెవెల్ విడ్జెట్ బేస్ క్లాసు తప్పంటూ టైప్‌ఎర్రర్ కొడుతుంది. రెండుచోట్లా ఒకే క్లాసు ఉండాలి.

ఉత్త ఫైలు పేరు ఇస్తే, వేరే ఫోల్డర్ నుంచి రన్ చేసినప్పుడు దొరకదు. అందుకే నేనెప్పుడూ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ నుంచే పాత్ కడతాను. పైసైడ్ (క్యూటీని పైథాన్ నుంచి వాడే మరో లైబ్రరీ) వాడేవాళ్లకి ఒక మాట: అక్కడి క్యూయూఐలోడర్ సెల్ఫ్‌ని నింపదు, కొత్త విడ్జెట్‌ని తిరిగిస్తుంది. దాన్ని వేరియబుల్‌లో పట్టుకుని షో పిలవండి.